హస్తవాసి

కార్డు తలుపుకి ఆనించగానే లోపల ఎక్కడో గాలి లేచింది.

ముందు పైకప్పు కింద గొట్టాల్లో చిన్న ఉలికిపాటు. తర్వాత గోడ అవతల ఫ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వేగం అందుకున్నాయి. ఆ పైన నేల పలకల సందుల్లోంచి చలి వచ్చి చీలమండలకి తగిలింది. అక్క స్విచ్ రూమ్ గడప దగ్గర ఆగి విన్నది. వెనక నిలబడ్డ ఎలక్ట్రీషియన్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"లేచి నిలబడింది చూడండి. అక్క వచ్చిందని దానికి తెలిసిపోయింది," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

సైటులో ఆమె అందరికీ అక్కే. ఆమె కన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు కాబట్టి మనకీ ఆ పేరు చాలు. కొత్తగా కట్టిన డేటా సెంటర్లను యజమానులకు అప్పగించే ముందు పరీక్షించడం ఆమె పని. పరీక్ష అంటే మరేం కాదు, చెడగొట్టి చూడటం. నడుస్తున్న పంపును ఆపేస్తుంది, తిరుగుతున్న ఫ్యాన్‌ను నిలిపేస్తుంది, చివరికి భవనం మొత్తానికి వచ్చే కరెంటునే తీసేస్తుంది. అప్పటికీ భవనం తట్టుకుంటే సంతకం పెడుతుంది. కట్టినవాళ్ళకు ఒళ్ళు మండించే పనే గానీ, ఎవరో ఒకరు చేయక తప్పదు.

ఈ భవనాన్ని ఏఐ కోసం కట్టారు. మామూలు కంప్యూటర్ల కన్నా ఆ యంత్రాలు ఎన్నో రెట్లు కరెంటు తింటాయి, తిన్నదంతా వేడిగా కక్కుతాయి. అసలు యంత్రాలు ఇంకా రాలేదు. వాటి చోట మనిషెత్తు హీటర్ పెట్టెలు వరసలుగా నిలబెట్టి, అవి పుట్టించే వేడిని చల్లార్చమని భవనానికి పని పురమాయించారు. కిటికీ అన్నది లేని తెల్లటి హాలు. మనిషన్నవాడు ఉండడు. అయినా తొంగిచూసిన ప్రతివాడూ అక్కడ గొంతు తగ్గించే మాట్లాడతాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు.

అసలు గండం కరెంటు పోయినప్పుడు ఉంటుంది. హీటర్లు బ్యాటరీల మీద మండుతూనే ఉంటాయి, చల్లటి నీళ్ళు తిప్పే పంపులు మాత్రం ఆగిపోతాయి. బయట జనరేటర్లు అందుకుని పంపులు మళ్ళీ తిరిగేదాకా హాలు తన వేడిని తానే ఓర్చుకోవాలి. ఓర్చుకోలేకపోతే కాలిపోకుండా హీటర్లు వాటంతటవే ఆగిపోతాయి. పరీక్ష తప్పినట్టు లెక్క.

అక్క ఎప్పటిలాగే స్విచ్ రూమ్‌లో ఒక చుట్టు తిరిగింది. ప్రతి ప్యానెల్ గొళ్ళెమూ వేళ్ళతో తాకి చూసింది. వాకీటాకీలో హాలు వాళ్ళను, పంపుల వాళ్ళను, జనరేటర్ల వాళ్ళను వరసగా పలకరించి, "తీస్తున్నా" అని చెప్పి మెయిన్ స్విచ్ తీసింది. దీపాలు ఆరి వెలిగాయి. గోడ అవతల పంపుల మోత దిగిపోయి, ఎక్కడో లోహం టిక్కుటిక్కుమని చప్పుడు చేసింది. కాసేపటికి జనరేటర్లు గర్జించాయి. కంట్రోల్ రూమ్ నుంచి "పాస్ అక్కా" అని కబురు వచ్చింది.

"హస్తవాసి అంటే అదీ," అన్నాడు పెద్ద ఎలక్ట్రీషియన్. "కొందరు డాక్టర్లు ముట్టుకుంటే జ్వరం దిగుతుందే, అలాగ. అదే నిదానం చేతిలో పడితే..." అని నాలుక కరుచుకున్నాడు.

నిదానం అక్కకి మరిది, ఆమె కిందే పనిచేసేవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉందిగానీ సైటులో ఎవరికీ గుర్తులేదు. ప్రతి నట్టూ బిగించాక మళ్ళీ ఒకసారి బిగించి చూసే రకం. ఆలస్యం అమృతం విషం అని మేనేజర్ దెప్పితే, "విషం కాకుండా చూడ్డానికేనండీ ఈ ఆలస్యం" అనేవాడు. కిందటి వారం అత్తగారి కంటి ఆపరేషన్‌కని అక్క సెలవు పెట్టింది. ఆ రోజు ఇదే పరీక్ష నిదానం చేశాడు. హాలు కాగిపోయింది, హీటర్లు వరసలకు వరసలు ఆగిపోయాయి. గందరగోళంలో జనం పరిగెత్తారు, ఎవరేది తెరిచారో ఎవరేది మూశారో తెలియదు. అంతా చల్లారాక మేనేజర్ వెళ్ళి చూస్తే ఒక నీళ్ళ వాల్వ్ సగం మూసి ఉంది. పరీక్షకు ముందు అది చూసుకోవాల్సింది నిదానమే కాబట్టి కారణం దొరికిపోయింది. సాయంత్రానికి అతని కార్డు లాక్కుని గేటు బయటికి పంపేశారు.

మర్నాడు అక్క వచ్చి చేస్తే పాసైంది. ఇవాళ మళ్ళీ చేస్తే మళ్ళీ పాసైంది. ఇక అనుమానానికి చోటేది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, మేనేజర్ వాల్వ్ అన్నాడు, సైటంతా వాల్వ్ అంది. అక్క ఏమీ అనలేదు. మరిదిని వెనకేసుకొస్తోందంటారని భయం. చెప్పుకోడానికి బాగుండని సంగతి ఇంకోటి కూడా ఉంది. తన హస్తవాసి గురించి నలుగురూ అనే మాట ఆమెకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఎల్లుండి యజమాని తరఫు మనిషి ఎదుట ఆఖరి పరీక్ష. అది పాసై ఆమె సంతకం పడితే, పరీక్షల కాగితంలో ఉన్న వాల్వ్ మాట కూడా ఖాయమైపోతుంది. ఆ తర్వాత ఏ సైటులోనూ నిదానాన్ని గేటు దాటనివ్వరు.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు ముందుగదిలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. అక్క మొగుడు బడిపిల్లల లెక్కల పేపర్లు ఒళ్ళో పెట్టుకుని దిద్దుతున్నాడు. వంటింట్లో నిదానం నేలమీద కత్తిపీట ముందు కూర్చుని బంగాళాదుంపలు తరుగుతున్నాడు. ముక్కలన్నీ ఒక్క కొలతలో వస్తున్నాయి.

"పాసైందా వదినా?"

"అయింది."

"నేను చెప్పలా, నువ్వు చేస్తే అవుతుందని." ఆ గొంతులో ఈర్ష్య ఇసుమంత లేదు. అదే ఆమెకు గుచ్చుకుంది.

అతను లేచి సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి బిగించాడు. అది కారడం లేదు. వచ్చి కూర్చుని రెండు ముక్కలు తరిగి, మళ్ళీ లేచి, చెయ్యి పెట్టి తడిమి చూసి వచ్చాడు.

"పొద్దుట్నించీ అంతే," అన్నాడు మొగుడు ముందుగదిలోంచి, తల ఎత్తకుండానే. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అలా కుళాయి చుట్టూ తిరుగుతుంటే ఎవరికైనా అనుమానం రాదూ? తప్పు జరిగితే జరిగింది, ఒప్పేసుకుని వదిలెయ్యరా అంటే వినడు."

"మీరు ఊరుకోండి," అంది అక్క.

"నా కన్ను బాగుచేయించుకోబోయి వాడి బతుకు చీకటి చేశాను," అంది అత్తగారు ఎవరితోనో అన్నట్టు.

"మీ కన్నుకీ దానికీ ఏం సంబంధం అత్తయ్యా."

"నువ్వు నా పక్కన కూర్చోబట్టే కదమ్మా వాడు ఆ స్విచ్ పట్టుకున్నాడు."

అక్క వంటింట్లోకి వెళ్ళి మరిది ఎదురుగా పీట వాల్చుకుంది. ఆ సంగతి జరిగిన రోజున వాల్వ్ గురించి అడిగితే అతను తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఒక్కొక్క చక్రమూ పట్టుకుని చూశాను వదినా, అన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, అన్నాడు. ఇప్పుడు మళ్ళీ అడిగింది.

నిదానం కత్తిపీట మీద చెయ్యి ఆపాడు. "తెరిచే ఉన్నాయనుకున్నాను," అన్నాడు.

"అనుకోవడమేంటి? చూశానన్నావుగా."

"చూశాననే అనుకున్నాను." కుడిచేతి మణికట్టు మెల్లిగా ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకున్నాడు. "అన్నయ్య అంటున్నాడు, మేనేజర్ అన్నాడు, గేటు దగ్గర గార్డు కూడా అన్నాడు. ఇంతమంది అంటుంటే నాకొక్కడికే తెలుసా?"

కూర పొయ్యి మీద పడింది. అందరూ భోజనానికి కూర్చున్నారు. బాగుందని అత్తగారు ఒక్కతే అంది.

*

మర్నాడు పరీక్షలు లేవు. యజమాని తరఫు మనిషి వస్తున్నాడని సైటంతా కడిగి తుడుస్తున్నారు. హీటర్లన్నీ ఆపేసి ఉన్నాయి. నేల తుడిచే పెద్దావిడ, అందరూ పిన్ని అంటారు, బక్కెట్టూ కర్రా పట్టుకుని హాల్లో ఉన్న అక్క దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, ఆ కరెంటు గది తలుపు తియ్యవూ? లోపల దుమ్ముంది."

అక్క రెండు చేతుల్లోనూ సెన్సర్ల వైర్లున్నాయి. కార్డు ఎవరికీ ఇవ్వకూడదని రూలు. అయినా మెడ వంచి, "తీసుకో పిన్నీ" అంది. పిన్ని ఆమె మెడలోంచి కార్డు తీసుకుని కారిడార్ చివరికి వెళ్ళింది.

అక్క మళ్ళీ వైర్ల మీదికి వంగింది. అప్పుడు గొట్టాలు ఉలిక్కిపడ్డాయి. ఫ్యాన్లు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. వరసల మధ్య వేలాడదీసిన ప్లాస్టిక్ తెరలు ముందు వణికి, తర్వాత హాలు పొడుగునా ఒకే వైపు వాలి నిలబడ్డాయి. అక్క నడుం ఎత్తింది. తను ఇక్కడుంది. పరీక్ష లేదు, వేడి లేదు. ఎవరి కోసం లేచినట్టు?

పిన్ని కర్ర అక్కడే పడేసి గబగబా వచ్చింది. "నేనేం ముట్టుకోలేదమ్మాయ్. తలుపు తీశాను, అంతే. నన్ను చూసి అది జడుసుకుంది."

జడుసుకుంది అన్నమాట దగ్గర అక్క ఆగిపోయింది. ఇన్నాళ్ళూ లేచి నిలబడుతోంది అనే విన్నది, అలాగే అనుకుంది కూడా.

కార్డు తీసుకుని, గాలి మొత్తం అణిగేదాకా కాచుకుంది. ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అతని కార్డుతో తలుపు తీయించి, అతని వెనకే లోపలికి వెళ్ళింది. ఏమీ జరగలేదు. బయటికొచ్చి తన కార్డు ఆనించింది. లేచింది. అతన్ని పంపేసి, లోపల పిన్ని వదిలేసిన బక్కెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుంది. ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. గోడ అవతల మోత తగ్గలేదు. చలి ఎక్కువైంది. ఆమె లేచి హాల్లోకి వెళ్ళి వరసల మధ్య నిలబడింది. చల్లబరచడానికి అక్కడ ఏమీ లేదు, అయినా ఫ్యాన్లన్నీ పూర్తి వేగంలో తిరుగుతున్నాయి, తెరలన్నీ ఆమె వైపే వాలి ఉన్నాయి. ఆమె చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఇవాళ ఏమీ చేయనులే," అంది పైకే. అన్నాక చుట్టూ చూసుకుంది, ఎవరైనా విన్నారేమోనని. మోత తగ్గలేదు. అది ఇంకా కాచుకునే ఉంది. ఎంతోసేపటికి, నమ్మకం కుదరనట్టుగా, ఒక్కొక్క ఫ్యానే దిగింది.

కంట్రోల్ రూమ్‌లో ప్రోగ్రామర్ అమ్మాయి ఒక్కతే ఉంది. చెవుల్లోంచి పాట తీసేసి అక్క చెప్పిందంతా విని, ఏమీ ఆశ్చర్యపోకుండా కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"చల్లదనం చూసేది నేర్చుకునే కంట్రోలర్ కదక్కా. వేడి పుట్టాక పరిగెత్తడం కాదు, పుట్టబోతోందని ముందే పసిగట్టాలి. అందుకని భవనంలో ఉన్న ప్రతి సెన్సర్నీ దానికి కలిపేశాం. తలుపులు కూడా."

"తలుపులతో దానికేం పని?"

"వద్దని ఎవరూ అనలేదు." అమ్మాయి భుజాలెగరేసింది. "అప్పగించాక ఆన్ చేయాలి నిజానికి. యజమాని వాళ్ళు తొందరపెడితే ముందే చేసేశాం. మీరు మొదటి పరీక్ష పెట్టిన రోజు నుంచీ నేర్చుకుంటోంది."

ముందుగా చల్లబరిచే ప్రతిసారీ అది దేన్ని చూసి నిర్ణయం తీసుకుందో తెర మీద తీసి చూపించింది. బయటి ఎండ, నీళ్ళ వేడి, హీటర్లు తినే కరెంటు, అన్నీ కింద ఎక్కడో ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఒక కార్డు నంబరు. అక్క మెడలో కార్డు తిప్పి అంకెలు పోల్చుకుంది.

"నన్ను గుర్తుపడుతోందా?"

"మీరెవరో దానికి తెలీదు. ఈ కార్డు ఆ తలుపు దగ్గర పడితే కాసేపట్లో కరెంటు పోతుంది, అంతవరకే తెలుసు. ప్రతిసారీ మీరే, అదే తలుపు, అదే వరస. అందుకని మీరు లోపల చుట్టు తిరిగి అందర్నీ పలకరించేలోగా ఒళ్ళంతా చల్లబరుచుకుని కూర్చుంటోంది. ఆ చల్లదనంతోనే గండం గట్టెక్కుతోంది." కాస్త ఆగి, "మా పక్కింట్లో ఒక కుక్క ఉండేదక్కా. చీపురు చేత్తో పట్టుకున్న మనిషి కనబడితే చాలు, కొట్టకముందే నేలకి అంటుకుపోయేది. అలాంటిదే," అంది.

అక్కకి మొహంలోకి వేడి వచ్చింది. పరీక్ష పాసైన ప్రతిసారీ ఇంటికి ఎంత గర్వంగా వెళ్ళిందో తలచుకుంటే తలెత్తబుద్ధి కాలేదు.

"మా మరిది చేసిన రోజు తియ్యి."

అమ్మాయి తీసింది. అతని కార్డు తలుపు దగ్గర పడిన గుర్తుంది. భవనం ఏమీ చేయలేదు. అతను నిదానంగా, అక్క కన్నా ఎక్కువసేపే, అన్నీ చూసుకున్నాడు. కరెంటు పోయింది. తెర మీద వేడిని చూపే గీత తిన్నగా పైకి వెళ్ళిపోయింది.

"నీళ్ళెంత పారాయో చూపించు."

నీళ్ళ గీత మిగతా రోజుల్లాగే సమంగా ఉంది, కరెంటు పోయిన క్షణం దాకా. వాల్వ్ సగం మూసి ఉంటే ఆ గీత ముందే కిందికి దిగి ఉండాలి. దిగలేదు. మూసింది ఎవరో గానీ, వేడెక్కాక పరిగెత్తినవాళ్ళలో ఒకరు.

"ఈ గీత ఎవరైనా అడిగారా?"

"లేదక్కా."

"నేనూ అడగలేదు," అంది అక్క.

*

మేనేజర్ చెడ్డవాడు కాదు. భోజనం దగ్గర కూడా హెల్మెట్ తీయడని సైటులో జోకు. అక్క చెప్పిందంతా ఆ హెల్మెట్ కిందనుంచే ఓపిగ్గా విన్నాడు.

"ఇంతకీ పాసవుతుందా అవదా?"

"నా కార్డుతో తలుపు తీస్తే అవుతుంది."

"మరింకేం? రేపు మీరే తీయండి."

"రేపు నిజంగా కరెంటు పోయేటప్పుడు కార్డు చూపించి పోదు కదండీ."

"అప్పటికి మనం ఇక్కడ ఉండం." అని, అది తనకే బాగా అనిపించలేదేమో, గొంతు మార్చాడు. "చూడమ్మా, ఇది బయటపెడితే ముందు పోయేది మీ పేరే. మీరు పాస్ చేసినవన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"వాల్వ్ మాట?"

"కాగితం మీద ఏదో ఒక కారణం ఉండాలి. అది కొట్టేస్తే ఇంకో కారణమేదని నన్ను అడుగుతారు. మీ మరిదికి ఎక్కడైనా, గేటు దగ్గర పనో ఏదో, నేను చూస్తాను."

అక్క లేచింది. గేటు దగ్గర పని చేస్తూ, వచ్చేపోయేవాళ్ళ బూట్లు చూస్తూ కూర్చున్న నిదానం ఆమె కళ్ళముందు కదిలాడు. కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది.

*

యజమాని తరఫు మనిషి సన్నగా, మాట తక్కువగా ఉన్నాడు. అందరికీ నమస్కారం పెట్టి కంట్రోల్ రూమ్‌లో ఒక పక్కగా నిలబడ్డాడు. అద్దం అవతల హాలు, హీటర్లన్నీ వెలిగి ఉన్నాయి. మేనేజర్ కొత్త హెల్మెట్ పెట్టుకొచ్చాడు.

"మొదలుపెడదామా అక్కా?" అన్నాడు పెద్ద ఎలక్ట్రీషియన్.

అక్క మెడలోంచి కార్డు తీసి యజమాని మనిషి ముందు బల్ల మీద పెట్టింది. "ఇది ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను. వాల్వులన్నీ ముందు మీరే స్వయంగా చూసి రండి. తర్వాత స్విచ్ ఎవరు తీయాలో మీరే చెప్పండి."

ఆయన ఆమె మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు. ఏమీ అడక్కుండా వెళ్ళి, చేతికి నీటి చెమ్మతో తిరిగొచ్చాడు. అన్నీ తెరిచి ఉన్నాయన్నాడు. గదిలో అందర్నీ ఒకసారి చూసి, తనకు దగ్గరగా ఉన్న మేనేజర్ వైపు తిరిగాడు. "మీరు తీయగలరా?"

పదిమందిలో తీయలేనని మేనేజర్ ఎలా అంటాడు. వెళ్ళాడు. కంప్యూటర్ తెర మీద అతని కార్డు నంబరు పడింది.

అక్క అద్దానికి దగ్గరగా జరిగింది. హాల్లో ప్లాస్టిక్ తెరలు కదల్లేదు. ఫ్యాన్లు తమ పాటికి తాము మెల్లగా తిరుగుతున్నాయి. రాబోయేదేమిటో భవనానికి తెలియదు. దానికి తెలియదని ఆమెకు తెలుసు. ఒక్క మాటతో ఆపెయ్యొచ్చు, బల్ల మీద కార్డు తీసుకుని పరిగెత్తొచ్చు. చేతులు కట్టుకుని నిలబడింది.

"తీస్తున్నా," అంది వాకీటాకీ, మేనేజర్ గొంతుతో.

దీపాలు ఆరి వెలిగాయి. పంపుల మోత దిగిపోయింది. వేడి గీత లేచింది, లేస్తూనే పోయింది. అద్దం అవతల హీటర్ల పైన గాలి వణకడం మొదలైంది, వెనక గోడ నీళ్ళలోంచి చూసినట్టు వంకర్లు పోయింది. కాగిన రంగు వాసన గదిలోకి వచ్చింది. అలారం మోగింది. మొదటి వరస ఆరింది. రెండోది ఆరింది. జనరేటర్లు అందుకునేసరికి హాల్లో వెలిగేది ఒక్కటీ లేదు.

"పాసైందా?" అంది వాకీటాకీ. "అయిందా?"

అక్క మీట నొక్కింది. "లేదండీ. కిందటిసారి లాగే అయింది."

వాకీటాకీ గరగరలాడింది. తర్వాత మేనేజర్ అలవాటు కొద్దీ అన్నాడు, "వాల్వులు ఎవరైనా..."

"నేను చూశాను," అన్నాడు యజమాని మనిషి.

ఆ తర్వాత చాలాసేపు కూర్చున్నారు. ప్రోగ్రామర్ అమ్మాయి గీతలన్నీ చూపించింది. "ఇవన్నీ పాసని సంతకాలు పెట్టింది మీరే కదా?" అని అడిగాడాయన. మందలింపు లేదు, ఊరికే అడిగాడు. "అవునండీ, నా చేతి మీదుగానే," అంది అక్క. తన సంతకాలన్నిటి పక్కనా తప్పింది అని తనే రాసింది. నిదానం చేసిన పరీక్ష దగ్గరికొచ్చేసరికి కలం ఆపి, వాల్వ్ అన్న మాట కొట్టేసి, ఇన్నాళ్ళలో సరిగ్గా జరిగిన పరీక్ష ఇదొక్కటే అని రాసింది. మేనేజర్ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతనికి బట్టతల అని సైటులో చాలామందికి ఆ రోజే తెలిసింది.

*

ఎండ ఉండగానే ఇల్లు చేరింది. చెప్పులు విప్పకముందే చెప్పేసింది. అత్తగారు నల్లకళ్ళద్దాలు తీసేసి, నీళ్ళు కారుతున్న కంటితోనే కొడుకు మొహం వెతుక్కుంది. "మళ్ళీ రమ్మన్నారా వాణ్ణి?" అని రెండుసార్లు అడిగింది. మొగుడు తమ్ముడి వీపు మీద చరిచి, "నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నా" అన్నాడు. అంత పచ్చి అబద్ధానికి కూడా ఎవరికీ కోపం రాలేదు.

నిదానం అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే అక్క లోపలికెళ్ళింది. పాలు కాగి చల్లారిపోయాయి. అతను గట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"వదినా, ఆ నీళ్ళ గీత... ఖాయమేనా?"

"నా కళ్ళతో చూశాను. నీ తప్పేం లేదు అందులో."

"మరి నాకు గుర్తుందే."

"ఏం గుర్తుంది?"

"మూయడం." అతను తనకే చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "చక్రం పట్టుకున్నాను. ఇనుము చల్లగా, చెమ్మగా ఉంది. తిప్పుతున్నాను. సగం తిరిగాక వెనకనుంచి ఎవరో పిలిచారు. వదిలేసి వెళ్ళిపోయాను. మొదట్లో ఇదేం లేదు వదినా. అందరూ అంటుంటే ఒక్కో ముక్కా గుర్తొచ్చింది. ఇప్పుడు అంతా ఉంది."

"ఎవరు పిలిచారు?"

అతను తల ఎత్తాడు. "నువ్వే."

"నేనా రోజు సైటులోనే లేను. ఆసుపత్రిలో అత్తయ్య పక్కన ఉన్నాను."

"తెలుసు," అన్నాడు నిదానం. "అయినా నీ గొంతే."

ముందుగదిలో అత్తగారు ఎవరికో ఫోనులో శుభవార్త చెబుతోంది. అక్క నేలమీద కూర్చుని, అతన్నీ ఎదురుగా కూర్చోమంది. ఎక్కడ చెడిందో తెలియనప్పుడు సైటులో ఏం చేస్తుందో అదే చేయాలనుకుంది.

"మొదట్నించి చెప్పు. ఆ రోజు పొద్దున గేటు దాటిన దగ్గర్నుంచి. ఏదీ వదలకు."

అతను చెప్పసాగాడు, ఎప్పటిలాగే తొందరపడకుండా. గేటు, చెప్పులు మార్చుకోవడం, నడవా, మెట్లు. పంపుల గది తలుపు. మొదటి వాల్వ్ తెరిచే ఉంది అన్నాడు. రెండోదీ తెరిచే ఉంది అన్నాడు. మూడో దాని దగ్గర మాట ఆగింది. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి పిడికిలి పట్టి, అతను చూస్తుండగానే, తనంతట తాను సగం తిరిగింది.